ఒకరు లేస్తే రెండోవారినీ లేపండి, కానీ నాలుగు నెలల దాకానే

నిద్రపోయే పిల్లల్ని లేపకూడదని మన ఇళ్లలో పెద్దల మాట. ఒక్క బిడ్డే ఉండి, బరువు చక్కగా పెరుగుతుంటే అది మంచి మాటే. కవలలున్న ఇంట్లో మాత్రం మొదటి నెలల్లో ఆ మాట పట్టుకుంటే తల్లి మంచం పడుతుంది. రాత్రి రెండింటికి ఒకరు పాలకు లేచారంటే, పక్కన హాయిగా పడుకున్న రెండోవారిని కూడా లేపి పాలు పట్టాలి. అమ్మమ్మ వద్దన్నా, నాయనమ్మ కోప్పడినా, మీకే మనసొప్పకపోయినా లేపాలి. ఆ తర్వాత ఒక దశలో ఈ పని పూర్తిగా మానేయాలి. లేపమని చెప్పేవాళ్లు కొందరైనా ఉన్నారు గానీ ఎప్పుడు మానాలో చెప్పేవాళ్లు దాదాపు లేరు. కవలల నిద్ర ఎనిమిదో నెలలోనూ దారికి రాని ఇళ్లలో చాలాసార్లు అడ్డుపడేది ఇదే.

ముందు లెక్క చూడండి. నెలలోపు బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు లోపల కనీసం మూడుసార్లు. గుడ్డ మార్చి, పాలు పట్టి, తేన్పు తెప్పించి, మళ్లీ పడుకోబెట్టేసరికి ఒక్కో బిడ్డకు నలభై నిమిషాలు పడుతుంది. ఎవరి ఆకలి వారిదని వదిలేస్తే రాత్రికి ఆరుసార్లు లేవాలి, అంటే 240 నిమిషాలు. ఎనిమిది గంటల్లో ఇంకా నాలుగు గంటలు మిగిలాయి కదా అనిపిస్తుంది. కానీ ఆ నాలుగు గంటలు ఆరేడు ముక్కలై మిగులుతాయి, ఒక్కో ముక్క ముప్పావుగంట కూడా ఉండదు. అదే ఇద్దరికీ కలిపి ఒక్కో విడతకు గంట వేసుకున్నా మూడు విడతలకు మూడు గంటలే. మిగిలిన ఐదు గంటలు దాదాపు గంటన్నర ముక్కలుగా దొరుకుతాయి. పెద్దవాళ్ల నిద్రలో ఒక చుట్టు పూర్తవడానికి సుమారు 90 నిమిషాలు కావాలి. కాబట్టి ఇద్దరినీ కలపడం వల్ల తల్లికి దొరికేది ఒక గంట అదనపు నిద్ర మాత్రమే కాదు, అసలు నిద్ర అనిపించుకునే నిద్ర.

ఇంకో కారణం పిల్లల వైపు నుంచి ఉంది. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు, చాలామంది రెండున్నర కిలోల లోపే ఉంటారు. ఇంత చిన్న పిల్లలు ఆకలేసినా ఏడవకుండా నిద్రలోకి జారిపోతారు. "మా చిన్నది బంగారం, ఐదు గంటలు పడుకుంటుంది" అని మురిసిపోయే ఇళ్లలో, ఆ బంగారు బిడ్డ బరువే వెనకబడి ఉంటుంది. పుట్టినప్పటి బరువుకు తిరిగి చేరి, అక్కణ్నుంచి రోజుకు 20-30 గ్రాముల చొప్పున పెరుగుతోందని డాక్టరు తూచి చెప్పేదాకా, మూడు గంటలు దాటి ఏ బిడ్డనూ పాలు లేకుండా పడుకోనివ్వకూడదు. ఎక్కువ నిద్రపోయే బిడ్డను లేపాల్సింది ఆ బిడ్డ కోసమే.

వయసు ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 35 వారాలకు పుట్టిన పిల్లలు ఐదు వారాలు ముందొచ్చారు. క్యాలెండరులో నాలుగు నెలలు నిండినా నిద్ర విషయంలో వాళ్లు మూడు నెలల లోపు పిల్లలే. పగలు, రాత్రి తేడా తెలిసే గడియారం మెదడులో కుదురుకోవడానికి నెలలు నిండి పుట్టిన బిడ్డకే రెండు మూడు నెలలు పడుతుంది. పక్కింటి బిడ్డతో పోల్చి దిగులుపడే తల్లిదండ్రుల్లో సగం మంది ఈ ఒక్క తీసివేత చేయకే దిగులుపడుతున్నారు. ఈ వ్యాసంలో నెలలు అన్నచోటల్లా సరిచేసిన వయసు, అంటే పుట్టిన రోజు నుంచి కాక, డాక్టరు ముందుగా ఇచ్చిన డెలివరీ తేదీ నుంచి లెక్కేసిన వయసు అనుకోండి.

"రాత్రంతా నిద్ర" అన్నదానికీ హద్దు పెట్టుకోవాలి. పిల్లల నిద్ర మీద జరిగిన పాత పరిశోధనల్లో అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదు దాకా పడుకుంటే రాత్రంతా పడుకున్నట్టే లెక్క. కెనడాలో జరిగి 2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఆరు నెలల పిల్లల్లో సుమారు 38 శాతం మంది ఏకధాటిగా ఆరు గంటలు పడుకోలేదు. ఏడాది నిండిన పిల్లల్లోనూ 28 శాతం మంది పడుకోలేదు. ఇద్దరూ ఆరు నెలలకే తొమ్మిది గంటలు పడుకోవాలని ఆశపెట్టుకుంటే మీకు నిరాశ తప్పదు. నాలుగైదు నెలలకు ఒక ఐదారు గంటల విడత, ఆ తర్వాత ఒక లేవడం, మళ్లీ మూడు గంటలు. ఇది అందుకోగలిగిన గురి.

రాత్రి విడత ఎలా నడపాలి

సామాను సాయంత్రమే సర్దిపెట్టుకోవాలి. ఒక పళ్లెంలో నాలుగు డైపర్లో పొడి గుడ్డలో, దూది, గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు, తేన్పు గుడ్డలు రెండు, తల్లికి పెద్ద బాటిల్ నిండా నీళ్లు, తినడానికి ఏదో ఒకటి, ఒక నోటుబుక్కు, పెన్ను. ట్యూబులైటు వేయొద్దు. పసుపో ఎరుపో రంగున్న జీరో బల్బు మంచానికి దూరంగా, కింద ఉంటే చాలు. మాటలు, ముద్దులు, ఆటలు పగటికి ఉంచుకోవాలి. ఫోను వెలుగు మీ నిద్రను కూడా చెడగొడుతుంది.

మొదట లేచిన బిడ్డ సాధారణంగా గుక్కపట్టి ఏడుస్తుంటుంది. ఆ బిడ్డకు ముందు గుడ్డ మార్చే పని పెట్టుకోకండి, నేరుగా పాలు పట్టండి. ఒక వైపు తాగాక, మధ్యలో మార్చండి. రెండో బిడ్డ నిద్రమత్తులో ఉంటుంది కాబట్టి ఆ బిడ్డకు వరస తిరగేయాలి. ముందు గుడ్డ మార్చండి, ఆ చల్లగాలికే సగం మెలకువ వస్తుంది. చుట్టిన పొత్తిగుడ్డ విప్పడం, అరికాళ్లు రుద్దడం, వీపు మీద వేళ్లతో గీయడం, దూదిని నీళ్లలో ముంచి పిండి నుదురు తుడవడం వంటివి చాలు. మొహాన నీళ్లు చల్లడం, కాళ్లు గిల్లడం వద్దు. మూసిన రెప్పల కింద కళ్లు కదులుతున్నప్పుడు లేపితే తేలిగ్గా లేస్తారు. ఒళ్లంతా వదులై, ఎత్తిన చెయ్యి జారిపడిపోతుంటే గాఢ నిద్ర; ఐదు పది నిమిషాలు ఆగి చూడండి.

ఒక్కరే చూసుకుంటుంటే, మొదటి బిడ్డకు మొదలుపెట్టిన పది పదిహేను నిమిషాలకు రెండోవారిని లేపడం మొదలవ్వాలి. ఇద్దరున్నప్పుడు ఒకేసారి కానివ్వొచ్చు. మూడు గంటల లెక్క పాలు మొదలైన సమయం నుంచి వేసుకోవాలి, ముగిసిన సమయం నుంచి కాదు. ముగిసినప్పటి నుంచి లెక్కేస్తే విడత నాలుగు గంటలకు సాగి, రోజు మొత్తంలో రెండు విడతలు ఎగిరిపోతాయి. ఇద్దరూ కలిసి తాగి రెండు గంటలు కాకుండానే ఒకరు లేస్తే మాత్రం రెండోవారిని లేపకండి. ముందు ఎత్తుకుని తేన్పు తెప్పించి చూడండి. అప్పటికీ నోరు తెరిచి వెతుక్కుంటుంటే ఆ ఒక్కరికే కాసిని పాలు పట్టి, తర్వాతి విడత మాత్రం పాత సమయానికే ఇద్దరికీ కలిపి పెట్టండి. ఇలా రెండు మూడు వారాలు పట్టుగా చేస్తే ఇద్దరి ఆకలీ అరగంట తేడాలోకి వస్తుంది. వారంలోపే కలవలేదని వదిలేయడం ఎక్కువమంది చేసే పొరపాటు.

ఇద్దరికీ ఒకేసారి చన్నివ్వడం నేర్చుకుంటే విడత గంట నుంచి ముప్పావుగంటకు దిగుతుంది. ఒడిలో అడ్డంగా గట్టి దిండు పెట్టుకుని, చెరో చంక కింద ఒక్కొక్కరిని, కాళ్లు మీ వీపు వైపుకి, తలలు మీ అరచేతుల్లోకి వచ్చేలా పట్టుకోవడం అన్నిటికన్నా తేలిక. దీన్ని పగలు, ఇంకొకరు సాయం ఉన్నప్పుడు నేర్చుకోవాలి. ఇద్దరూ విడివిడిగా చన్ను సరిగ్గా పట్టడం వచ్చాకే కలపాలి. ఒకరికి ఎప్పుడూ ఒకే వైపు ఇవ్వకుండా రోజు విడిచి రోజు వైపులు మార్చాలి. బలంగా తాగే బిడ్డ వల్ల రెండు వైపులా పాలు సమంగా పడతాయి. ఒక్క హెచ్చరిక గట్టిగా చెప్పాలి. సోఫాలోనో వాలుకుర్చీలోనో కూర్చుని రాత్రి పాలిస్తూ నిద్రపోవడం చాలా ప్రమాదం. బిడ్డ సందులోకి జారి ఊపిరాడకుండా పోతుంది. కళ్లు మూతలు పడుతున్నాయనిపిస్తే ఆ విడత ఒక్కొక్కరికే ఇవ్వండి, ఇంట్లో ఎవరినైనా లేపి పక్కన కూర్చోబెట్టుకోండి.

పిండిన పాలు పట్టే ఇళ్లలో చిన్న పిల్లలకు సీసా కన్నా ఉగ్గుగిన్నె మేలు. కడగడం తేలిక, నీళ్లలో మరిగించడం తేలిక, బిడ్డ చన్ను మరిచిపోదు. బిడ్డను దాదాపు కూర్చున్నట్టు పట్టుకుని, గిన్నె ముక్కు పెదవి చివర ఆనించి, నాలుక జాపి తీసుకునేలా పట్టాలి. గొంతులో పోయకూడదు. పిండిన పాలు గదిలో నాలుగు గంటల దాకా ఉంటాయని చెబుతారు. అది 25 డిగ్రీల గది లెక్క. మే నెలలో మన ఊళ్లలో అంతసేపు నమ్మొద్దు, ఫ్రిజ్‌లో పెట్టండి. డబ్బా పాలైతే కలిపిన రెండు గంటల్లో వాడాలి, బిడ్డ నోరు పెట్టినవి గంట దాటితే పారబోయాలి. కొలత డబ్బా మీద రాసినట్టే ఉండాలి. చిక్కగా కలిపితే ఎక్కువసేపు పడుకుంటారని చేసే పని పిల్లల ఒంట్లో నీటిని, లవణాలను తారుమారు చేస్తుంది.

నోటుబుక్కులో బిడ్డకొకటి చొప్పున రెండు నిలువు వరసలు గీయండి. ఒక్కో దాంట్లో రాయాల్సినవి సమయం, ఎంతసేపు తాగారు, ఒంటికి, రెంటికి, మందులు. ఇది చాదస్తం అనిపించొచ్చు. తెల్లవారుజామున నాలుగింటికి విటమిన్ డి చుక్కలు ఎవరికి వేశారో గుర్తుండదు. ఒకరికి రెండుసార్లు పడి, రెండోవారికి అసలు పడకపోవడం కవలల ఇళ్లలో మామూలుగా జరిగేదే. రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి, తక్కువ బరువుతో పుట్టినవారికి డాక్టరు రాసిన ఐరన్ చుక్కలు రాత్రికి పెట్టుకోకండి, పగటి విడతకు మార్చండి. ఐరన్ మాత్రం మరవొద్దు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు అమ్మ కడుపులో చివరి వారాల్లో అందాల్సిన ఐరన్ నిల్వ అందదు. అది తక్కువైన పిల్లలు నిద్రలో అశాంతిగా కదులుతారు. ఒకేలా ఉండే కవలలైతే ఒకరి కాలి బొటనవేలి గోటికి రంగు వేయండి, వారానికోసారి మళ్లీ వేయండి.

ప్రతి శబ్దానికీ ఎత్తుకోవద్దు

అప్పుడే పుట్టిన పిల్లల నిద్రలో సగం కదిలే నిద్రే. మూలుగుతారు, ముక్కుతారు, చేతులు విసురుతారు, కళ్లు తెరుస్తారు, ఒక చిన్న ఏడుపు కూడా ఏడుస్తారు. ఇవన్నీ నిద్రలోనే. ఇద్దరు పిల్లలంటే ఈ చప్పుళ్లు రెట్టింపు. చప్పుడు కాగానే ఎత్తుకుంటే నిద్రపోతున్న బిడ్డను మనమే లేపినట్టవుతుంది. ఒకటి రెండు నిమిషాలు చూడండి. ఏడుపు పెరుగుతూ పోతే ఎత్తుకోండి. తగ్గుతూ వస్తే చెయ్యి కూడా వేయకండి.

ఒకరి ఏడుపుకి రెండోవారు లేస్తారేమోనన్న భయంతో గదులు వేరు చేస్తుంటారు. కడుపులో కలిసి పెరిగిన పిల్లలు ఒకరి గొంతుకు మరొకరు త్వరగా అలవాటుపడతారు. ఒకరు గుక్కపట్టినా రెండోవారు కదలకుండా పడుకోవడం కవలల ఇళ్లలో రోజూ కనబడేదే. వేరు చేస్తే ఆ అలవాటు పడదు. పడుకోబెట్టేటప్పుడు ఇద్దరూ ఏడుస్తుంటే మాత్రం చిన్న కిటుకు ఉంది. తక్కువ ఏడుస్తున్నవారిని ముందు జోకొట్టండి, రెండు మూడు నిమిషాల్లో పడుకుంటారు. అప్పుడు రెండు చేతులూ ఎక్కువ ఏడ్చేవారికి దొరుకుతాయి. ఎక్కువ ఏడ్చేవారితో మొదలుపెడితే ఈలోగా నెమ్మదిగా ఉన్నవారు కూడా శివాలెత్తుతారు.

ఎక్కడ పడుకోబెట్టాలి

ఇద్దరినీ ఒకే పక్క మీద కలిపి పడుకోబెడితే చూడముచ్చటగా ఉంటుంది. ఫొటో తీసుకుని వేరు చేయండి. ఒకరి చెయ్యి మరొకరి ముక్కు మీద పడుతుంది, ఒకరి దుప్పటి మరొకరి మొహం మీదికి జరుగుతుంది, ఇద్దరి ఒంటి వేడీ కలిసి మరీ వెచ్చనవుతుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో సవరించిన సూచనల్లో కవలలకు వేర్వేరు పక్కలే చెప్పింది. ఒకే గదిలో, తల్లి చెయ్యి అందే దూరంలో, వెల్లకిలా, గట్టి సమతలమైన పరుపు మీద, దిండ్లు, బొమ్మలు, వదులు దుప్పట్లు లేకుండా. మన దగ్గర దీనికి రెండు తొట్టిమంచాలే కొనక్కర్లేదు. నేల మీద రెండు చిన్న గట్టి పరుపులు, మధ్య మూరెడు ఎడం, పైన దోమతెర. తెర అంచు పరుపు కింద దోపండి, వదులుగా వేలాడనివ్వొద్దు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను పెద్దల మంచం మీద మధ్యలో పడుకోబెట్టడం మామూలు పిల్లల కన్నా ఎక్కువ ప్రమాదం. ఆ మంచం మీద పొగతాగేవారో మద్యం తాగినవారో ఉంటే అసలే కూడదు.

తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు రాత్రి తీసేయాలి. ఒక విడత కుడివైపు, మరో విడత ఎడమవైపు తల తిప్పి పడుకోబెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు, మీరు చూస్తుండగా, కాసేపు బోర్లా వేయండి. తల గుండ్రంగానే వస్తుంది.

చీర ఉయ్యాల గురించి నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే దాని మీద ప్రేమ లేని ఇల్లు లేదు. పిల్లలు దాంట్లో వెంటనే నిద్రపోతారు, నిజమే. కానీ గుడ్డ తొట్టెలో వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది. మెడ నిలవని, తక్కువ బరువు పిల్లలకు ఆ భంగిమలో ఊపిరి దారి ఇరుకవుతుంది, బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. రెండోది నిద్ర అలవాటు. ఊపుతుంటేనే పడుకున్న బిడ్డ, రాత్రి ప్రతి గంటకూ వచ్చే తేలిక నిద్రలో ఊపు ఆగిందని గమనించి లేస్తుంది. ఒక్కరుంటే తాడు కాలికి కట్టుకునైనా ఊపుతారు. రెండు ఉయ్యాలలు, రెండు తాళ్లు, రాత్రికి పదిసార్లు ఎవరూ ఊపలేరు. అడుగు సమంగా ఉన్న చెక్క ఊయలను గడియ పెట్టి మంచంలా వాడుకోండి. పగటి నిద్రలో ఒక్కటి కావాలంటే ఊపండి, ఎదురుగా మనిషి ఉండాలి. పట్టుకుని లేవడం, అటూ ఇటూ దొర్లడం మొదలైతే ఊయల వదిలేయాలి.

పొత్తిగుడ్డలో చుట్టడం మొదటి రెండు నెలల్లో చాలా సాయపడుతుంది. చేతుల దగ్గర బిగువుగా, తుంటి దగ్గర కాళ్లు కప్పలా విప్పుకునేంత వదులుగా చుట్టాలి. బోర్లా పడితే బొబ్బట్లు చేసుకుంటాం కదా, ఆ రోజు దాకా ఆగకూడదు. పక్కకు తిరగబోతున్నట్టు కనబడిన రోజే చుట్టడం ఆపేయాలి. కవలల్లో ఒకరు ముందు తిరుగుతారు. ఆ రోజు ఇద్దరికీ ఆపేయడం మంచిది, ఎందుకంటే అర్ధరాత్రి చీకట్లో ఎవరిని చుట్టాలో ఎవరిని వద్దో పొరబడతారు.

గది విషయానికొస్తే ఫ్యాను పరవాలేదు, ఏసీ 25-26 దగ్గర ఉంటే చాలు, గాలి నేరుగా మీద పడకూడదు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట ఉంటే ఒక పొర తీయాలి. అరచేతులు, పాదాలు చల్లగా ఉన్నాయని టోపీ, మేజోళ్లు, స్వెట్టర్ వేసి పడుకోబెట్టడం వల్లే చాలామంది పిల్లలు రాత్రి వేడెక్కి ఏడుస్తారు. సాంబ్రాణి పొగ మూసిన గదిలో వద్దు. నెలలు నిండని ఊపిరితిత్తులకు ఆ పొగ ముక్కు దిబ్బడ తెస్తుంది, ముక్కు దిబ్బడతో ఏ బిడ్డా పడుకోదు.

పగలు చేసే పని

మన ఇళ్లలో పిల్లల స్నానం పొద్దున తొమ్మిది పదింటికి. నూనె రాసి, నలుగు పెట్టి, వేడినీళ్లు పోశాక ఆ రోజు మొత్తంలో గాఢమైన నిద్ర, మూడు గంటలు, నాలుగు గంటలు కూడా, అప్పుడే పడుతుంది. అంటే రాత్రికి రావాల్సిన పెద్ద విడతను పొద్దున పదింటికే ఖర్చు చేస్తున్నాం. స్నానం పోసే ఆమెను సాయంత్రం ఐదున్నర, ఆరుకు రమ్మనండి. ఆమెకు కుదరకపోతే పొద్దున స్నానం తర్వాతి నిద్రను రెండు గంటల దగ్గర తుంచి పాలకు లేపండి; సాయంత్రం తడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాసి, మెత్తని బట్టలు వేయండి. రెండున్నర కిలోల బరువు రాని పిల్లలకు రోజూ స్నానమే వద్దు, ఒళ్లు చల్లబడితే తాగిన పాలన్నీ ఒంటి వేడికే ఖర్చవుతాయి. నూనె రుద్దడం, తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్లు ఆనించి పెట్టుకోవడం చాలు. ఇద్దరినీ చెరోవైపు ఒకేసారి పెట్టుకోవచ్చు.

పొద్దున ఆరున్నర, ఏడు మధ్య ఒకే సమయానికి ఇద్దరినీ లేపి కిటికీ వెలుగులోకి తేవాలి. రాత్రి ఎలా గడిచినా సరే. ఇది చిన్న పనిలా కనబడుతుంది గానీ ఒంటి గడియారాన్ని తిప్పే తాళంచెవి ఇదే. పగటి నిద్రలు వెలుగులో, ఇంటి చప్పుళ్ల మధ్యే కానివ్వండి. మెలకువగా ఉండే సమయం రెండు నెలల లోపు గంట, మూడు నెలలప్పుడు గంటన్నర, ఆరు నెలలకు రెండు రెండున్నర గంటలు. అంతకు మించితే అలసటతో పిచ్చి ఏడుపు వస్తుంది. సాయంత్రం ఏడెనిమిది మధ్య వచ్చే ఏడుపు చాలావరకు అదే. ఆ ఏడుపుకు దిష్టి తీయాలంటే తీయండి, తప్పేం లేదు. మిరపకాయల పొగ మాత్రం పిల్లల గదికి దూరంగా.

నిద్ర కోసం నోట్లో ఏదైనా వేసే అలవాట్ల మీద మాత్రం మెత్తదనం చూపలేను. వసకొమ్ము అరగదీసి నాకించడం, వాము నీళ్లు, తేనె, గ్రైప్ వాటర్, ఆరు నెలలు రాకముందే రాత్రి పూట రాగిజావ, వీటిలో ఏదీ నిద్ర తేదు. తేనె ఏడాదిలోపు పిల్లలకు విషమయ్యే అవకాశం ఉంది, దాంట్లోని క్రిమి బీజాలు కండరాలను చచ్చుబరుస్తాయి. జలుబు సిరప్పు ఒక చెంచా వేస్తే పడుకుంటారని చెప్పేవారి మాట వినకండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందులు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసాల మీద రాయమని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ఆదేశించింది కూడా.

ఇవేవీ పనిచేయని ఏడుపు కూడా ఒకటుంది, అది జబ్బు వల్ల వచ్చేది. దాని గుర్తులు ఇవి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరం, లేదా ఒళ్లు చల్లబడటం, వరుసగా రెండు విడతలు పాలు పట్టకపోవడం, నిమిషానికి 60కి మించి ఊపిరి, లేపినా లేవకపోవడం. వీటిలో ఏది ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి, రెండో బిడ్డ బాగానే ఉన్నా సరే.

ఇంట్లో వంతులు

ఆరుగురున్న ఇంట్లో బిడ్డ ఏడవగానే ఆరుగురూ లేస్తారు, పొద్దునకు ఆరుగురూ అలసిపోతారు. దానికి బదులు వంతులు వేసుకోండి. రాత్రి తొమ్మిది నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి ఏడు దాకా ఒకరు. తన వంతు కానివారు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. తల్లికి రోజుకు ఒక్కసారైనా నాలుగు గంటల తెగని నిద్ర దొరకాలన్నదే దీని ఉద్దేశం. తొమ్మిదికి పాలిచ్చి, పిండిన పాలు ఇంకో విడతకు ఉంచి పడుకుంటే ఒంటిగంట దాటాక లేవొచ్చు. పాలు కుదురుకునే మొదటి వారాల్లో ఐదు గంటలు మించి ఖాళీ ఇవ్వకూడదు, రొమ్ములు గడ్డకట్టి పాలు తగ్గుతాయి. తండ్రి పొద్దున ఆఫీసుకు వెళ్లాలి కాబట్టి రాత్రి లేపకూడదన్న మాట కవలల ఇంట్లో చెల్లదు. కనీసం తొమ్మిది నుంచి ఒంటిగంట వంతు ఆయనదే.

కవలల తల్లుల్లో ప్రసవం తర్వాతి కుంగుబాటు ఒక్క బిడ్డనే కన్న తల్లుల కన్నా ఎక్కువ. పిల్లలు పడుకున్నా నిద్ర పట్టకపోవడం, పిల్లల మీద ఏ భావమూ కలగకపోవడం, చచ్చిపోవాలనిపించడం రెండు వారాలు దాటి ఉంటే అది నిద్ర లేమి కాదు, వైద్యం కావాల్సిన జబ్బు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కటే వచ్చినా రెండు వారాలు చూడొద్దు. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఎప్పుడు లేపడం మానాలి

నాలుగో నెల దాటాక, ఇద్దరి బరువూ బాగుందని డాక్టరు చెప్పాక, ఒక బిడ్డ తనంతట తాను ఐదు గంటలు పడుకోవడం మొదలుపెడుతుంది. ఆ రాత్రి నుంచి నియమం తిరగబడాలి. పడుకున్నవారిని లేపొద్దు. ఇన్నాళ్లూ పట్టిన పట్టు వల్ల చేతులు వాటంతటవే అటు వెళ్తాయి, ఆపుకోండి. లేపుతూ పోతే కడుపుకు ఆకలి లేకపోయినా ఆ సమయానికి లేవడం బిడ్డకు అలవాటైపోతుంది. ఒకరి ఆకలి కోసం మొదలైన లేవడం ఇద్దరి అలవాటుగా ఎనిమిది నెలల దాకా సాగుతుంది. పగటి విడతలు, పొద్దున లేపే సమయం, రాత్రి పడుకోబెట్టే సమయం మాత్రం ఇద్దరికీ ఒకటిగానే ఉంచాలి. పగలు కలిపి ఉంచితే రాత్రి విడిగా వదిలేసినా గాడి తప్పదు.

ఇదే వయసులో నిద్ర తీరు మారి, అప్పటిదాకా బాగా పడుకున్న పిల్లలు కూడా గంటగంటకూ లేవొచ్చు. కొత్త అలవాట్లు వద్దు, పాత ఉయ్యాల మళ్లీ దించొద్దు. పడుకోబెట్టే వరస రోజూ ఒకేలా, ఇరవై నిమిషాల్లో ముగిసేలా పెట్టుకోండి. స్నానమో తుడవడమో, నూనె, బట్టలు, పాలు, ఒక జోలపాట. పాలు తాగుతూ నిద్రలోకి జారకుండా పాలను పాటకు ముందు పెట్టండి. కళ్లు బరువెక్కాక, ఇంకా మెలకువ ఉండగానే పరుపు మీదికి చేర్చి, ఛాతీ మీద చెయ్యి వేసి జోకొట్టండి. మూడు రాత్రులయ్యాక జోకొట్టడం ఆపి చెయ్యి మాత్రం ఉంచండి. ఇంకో మూడు రాత్రులకు చెయ్యి తీసి పక్కన కూర్చోండి. ఇద్దరి పరుపుల మధ్య కూర్చుంటే చెరో చెయ్యి చాలుతుంది.

ఆరు నెలలు దాటాక, కాసేపు ఏడవనిచ్చి మధ్యమధ్య వెళ్లి చూసే పద్ధతి గురించి అడుగుతుంటారు. ఆస్ట్రేలియాలో 2016లో వచ్చిన చిన్న అధ్యయనంలో, ఆ పద్ధతి వల్ల పిల్లలకు ఏడాది తర్వాత కూడా హాని కనబడలేదు. హాని లేకపోయినా మన ఉమ్మడి ఇళ్లలో అది నిలవదు. మూడో నిమిషంలో నాయనమ్మ వచ్చి ఎత్తుకుంటారు, సగంలో ఆగిన పద్ధతి అసలు మొదలుపెట్టని దానికన్నా చెడ్డది, ఎందుకంటే ఇంకాస్త ఎక్కువసేపు ఏడిస్తే ఎత్తుకుంటారని బిడ్డ నేర్చుకుంటుంది. పక్కన కూర్చుని నెమ్మదిగా దూరం జరిగే పద్ధతికి ఇంకో వారం ఎక్కువ పడుతుంది, కానీ ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు.

రాత్రి పాలు తగ్గించడం ఆరు నెలల తర్వాత, పగలు ఉగ్గు, అన్నం మొదలై, డాక్టరు సరేనన్నాకే. ఆ సమయంలోనే 26 వారాల ప్రసూతి సెలవు ముగిసి తల్లి ఆఫీసుకు వెళ్లాల్సి వస్తుంది కాబట్టి అందరూ తొందరపడతారు. తల్లి పగలు దూరమైన మొదటి రెండు వారాల్లో పిల్లలు రాత్రి ఎక్కువ తాగుతారు, ఆ రెండు వారాలు ఏమీ తగ్గించకండి. ఆ తర్వాత ఒక విడతను ఎంచుకుని, గిన్నె పాలైతే రెండు మూడు రాత్రులకోసారి 20-30 మిల్లీలీటర్లు, చన్నుపాలైతే రెండేసి నిమిషాలు తగ్గిస్తూ రండి. తగ్గించిన మేరకు పగలు ఎక్కువ తాగాలి, తాగకపోతే ఆపేయండి.

ఇద్దరికీ ఇది ఒకేసారి జరగాలని పట్టుబట్టొద్దు. పుట్టుకలో నాలుగు వందల గ్రాములు తక్కువున్న బిడ్డకు ఇంకో రెండు నెలలు రాత్రి పాలు కావాల్సి రావొచ్చు. ఆ బిడ్డకు ఇవ్వండి, రెండోవారికి ఇవ్వకండి. లేచేవారు రెండోవారిని నిజంగానే లేపేస్తున్నారనిపిస్తే, బాగా పడుకునేవారిని వారం పది రోజులు వేరే గదికి, ఇంకో పెద్దవారి దగ్గరికి మార్చండి. లేచే బిడ్డ మాత్రం తన చోటే ఉండాలి, ఎందుకంటే నేర్చుకోవాల్సింది ఆ చోట పడుకోవడమే. ఇద్దరూ ఒకే పద్ధతికి వచ్చాక మళ్లీ ఒకే గదిలోకి చేర్చండి. జ్వరం వచ్చినప్పుడు, పళ్లు వచ్చేటప్పుడు, ఊరెళ్లి వచ్చినప్పుడు రెండు మూడు రాత్రులు అంతా చెదిరిపోతుంది. తగ్గాక మొదటి రోజునే పొద్దున లేపే సమయం సరిచేయండి, రాత్రి సమయం దాని వెనకే వస్తుంది.